పాలపళ్ల పుచ్చుకి పన్ను నల్లబరిచే మందా, సిమెంటా?

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు ఊళ్లలో కరెంటూ డ్రిల్లూ లేకున్నా ఈ రెండూ చేయొచ్చు.

నల్లబరిచే మందు అంటే 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. దాన్ని, పన్ను ఆరబెట్టి, చిగుళ్లకు వాజలిన్ రాసి, చిన్న బ్రష్‌తో ఒక నిమిషం అద్దాలి. చుక్క అయిదు పళ్లకు వస్తుంది. ఆర్నెల్లకోసారి మళ్లీ పూయాలి. చాలావరకు పుచ్చు ఆగుతుంది కానీ గుంత పూడదు, పైగా బొగ్గులా నల్లబడుతుంది. తల్లికి ముందే చెప్పకపోతే గొడవే.

గుంత పూడ్చేది గ్లాస్ అయనోమర్ సిమెంటు. మెత్తటి పుచ్చు చేత్తో గీకి, పొడీ ద్రవమూ అర నిమిషంలో కలిపి, మెరుపు పోకముందే నింపి, వాజలిన్ రాసిన వేలితో నొక్కాలి. ఉమ్మి తడి తగిలితే పట్టదు. గంటసేపు ఏమీ తినొద్దు, మురీ (మరమరాల) మిక్చర్ కూడా వద్దు. నమిలే పైభాగంలో బాగా నిలుస్తుంది. పళ్ల సందులో నింపింది తరచూ ఊడుతుంది.

ఏడ్చి నోరు తెరవని రెండేళ్ల పిల్లకి మందే మేలు. రాత్రి నొప్పి, చిగురు మీద చీముగడ్డ ఉంటే రెండూ పనికిరావు.