ఇంట్లో ఎనిమోన్, మూడేళ్ల తర్వాత

ఇది మా రెండో ఎనిమోన్ సంగతి. ఎనిమోన్ అంటే రాయిని అంటిపెట్టుకుని, పువ్వులా కనిపించే సముద్రజీవి. మొదటిది తొమ్మిది రోజులే బతికింది. అందుకే ఈ సమీక్ష రాయడానికి మూడేళ్లు ఆగాను. తెచ్చిన నెలలోపే ఎనిమోన్ గురించి ఎవరేం రాసినా నమ్మకండి, రాసింది నేనైనా సరే.

నా ట్యాంకు 200 లీటర్లు. బాక్టీరియా ఉండే లైవ్ రాక్ రాళ్లు, నీటిలోని మురికిని నురగగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్, నీటిని తిప్పే రెండు పవర్‌హెడ్‌లు, ఒక ఎల్‌ఈడీ లైటు. ఉప్పునీళ్లు నింపిన ఐదో వారానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాయి. సైకిల్, అంటే వ్యర్థాలను విరగ్గొట్టే బాక్టీరియా నిలదొక్కుకోవడం, అయిపోయింది కదా అని ఎనిమిదో వారంలో బబుల్ టిప్ (కొనలు బుడగల్లా ఉబ్బే) ఎనిమోన్ తెచ్చేశాను. సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, పీహెచ్ 8.2. పుస్తకంలో రాసుకున్న అంకెల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. అది మాత్రం రోజుకో చోటికి పాకింది. నాలుగో రోజు నుంచి నోరు సరిగా మూయలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే తీయబోతే చేతిలో జావలా విడిపోయింది. ఆ కంపు గురించి చెప్పను. చచ్చిన ఎనిమోన్ కొన్ని గంటలు అలాగే ఉంటే దాంతోపాటు చేపలూ పోవచ్చు. ఆ పూటే సగం నీళ్లు మార్చాను.

తప్పు ఎక్కడ జరిగిందో లెక్క వేస్తేగానీ అర్థం కాలేదు. నా ట్యాంకులో రోజుకు మూడు లీటర్లు ఆవిరైపోతాయి. నీళ్లే పోతాయి, ఉప్పు ఉండిపోతుంది. నేనేమో మూడు రోజులకోసారి బకెట్టుతో మంచినీళ్లు కుమ్మరించేవాణ్ణి. తొమ్మిది లీటర్లు తగ్గేసరికి లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 36.6 దాకా ఎక్కుతుంది, బకెట్టు పడగానే ఒక్కసారిగా దిగుతుంది. చేపలు దీన్ని ఓర్చుకున్నాయి. ఎనిమోన్‌కు పొలుసూ లేదు, ఎముకా లేదు. రెండు పల్చటి కణాల పొరలు, మధ్యలో జిగురు. టెస్ట్ కిట్ చూసిన ఆ నిమిషం సంగతే చెబుతుంది, ముందురోజు రాత్రి సంగతి చెప్పదు.

ఇంకో సగం తప్పు ఎంపికలో ఉంది. పాలలా తెల్లగా, కొనలు ఊదారంగులో మెరుస్తుంటే ముచ్చటపడ్డాను. అమ్మినాయన అరుదైన రంగన్నాడు. అది రంగు కాదు, ఆకలి. ఎనిమోన్ ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు ఉంటుంది, వెలుతురుతో అది తయారుచేసే ఆహారమే దీనికి ప్రధానమైన తిండి. ఆ నాచు పోతే తెల్లబడుతుంది. రెండోసారి గోధుమరంగులో, చూడ్డానికి ఏ అందమూ లేనిదాన్ని ఎంచుకున్నాను. నోరు బిగుతుగా ఉందా, రాతికి అంటుకునే పాదం చిరిగిందా, టెంటకిల్స్ (వేళ్లలాంటి స్పర్శకాలు) తగిలితే అంటుకుంటున్నాయా, ఈ మూడే చూశాను.

అదీ ట్యాంకుకు ఎనిమిదో నెల నిండాకే. ఆలోపు గోధుమరంగు బూజు, తర్వాత పచ్చ నాచు వచ్చి పోయాయి, నీటి క్షారత (ఆల్కలినిటీ) ఎగుడుదిగుడులు ఆగాయి. ఆ విరామంలో కొన్న ఆటో టాప్ ఆఫ్‌కే నా ఓటు. ఆవిరైనంత నీటిని గంట గంటకీ చుక్కలుగా పోస్తుంది. మొత్తం సామానులో ఒక్కటే ఉంచుకోమంటే దాన్నే ఉంచుకుంటాను. ఒకసారి నత్త వచ్చి దాని ఫ్లోట్ (నీటిమట్టం చూసే తేలే మీట) మీద కూర్చుంది. నీటిమట్టం తగ్గిందనుకుని అది పోస్తూనే ఉంది. పక్కన పెట్టిన డబ్బా పది లీటర్లదే కాబట్టి బతికిపోయాను. పెద్ద డ్రమ్ము పెట్టకండి.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మామూలు నీళ్లతో సరిచేసి ఏడాది మోసపోయాను. ఉప్పు 35 ఉండే ప్రామాణిక ద్రావణంతో చూస్తే సాంద్రతలో 0.002 తేడా. లైటు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఉన్నదాంతో సరిపోయింది.

పెట్టిన చోట ఉంటుందనుకోవద్దు. నేను ముందు వైపు చక్కటి రాతి సందు చూపిస్తే, మూడు రోజుల్లో వెనక్కి వెళ్లి కాలు దింపుకుంది. చివరికి కుర్చీని నేనే అటు జరుపుకున్నాను. నచ్చిన చోటు దొరికాక నెలల తరబడి కదల్లేదు. రెండో ఏడు నేను లైటు ఒక్కసారిగా పెంచినప్పుడు మాత్రం రాత్రికి రాత్రి బయల్దేరింది. పవర్‌హెడ్‌లకు తొడిగిన స్పాంజే ఆ రోజు దాన్ని వాటిలోకి లాక్కుపోకుండా కాపాడింది. స్పాంజ్ వారానికోసారి కడగాలి, లేకపోతే నీటి వేగం తగ్గిపోతుంది.

మొదట్లో ప్రేమ ఎక్కువై రెండు రోజులకోసారి పెద్ద రొయ్య ముక్క పెట్టేవాణ్ణి. తెల్లారేసరికి కక్కేసేది. తినడానికీ, వ్యర్థాలు వదలడానికీ దానికి ఉన్నది ఒకే నోరు. ఇప్పుడు వారానికోసారి, నోటికన్నా చిన్న ముక్క. అప్పుడప్పుడూ ఒళ్లంతా ముడుచుకుని పాత నీళ్లు వదిలేస్తుంది, కొన్ని గంటల్లో మళ్లీ ఉబ్బుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను తినడం మానేశాను. బుడగలు పోయి టెంటకిల్స్ సన్నగా సాగినా జబ్బనుకోకండి.

ఎనిమోన్ల మధ్య కాపురముండే క్లౌన్ ఫిష్ జంట దాన్లో దూరడానికి నాలుగు నెలలు పట్టింది. నా దగ్గరున్న ఒసెల్లారిస్ రకం క్లౌన్‌లు సముద్రంలో మామూలుగా ఉండే ఎనిమోన్ జాతులు వేరే, మాగ్నిఫికా లాంటివి. వాటిని పెంచడం ఇంకా కష్టం, జోలికి పోలేదు.

అసలు లోపం ఒకటుంది. అందిన పగడాన్నల్లా కుడుతుంది. నా జోవాంథిడ్ (పగడంలాంటి చిన్న జీవులు) గుత్తి సగం పోయింది. పగడాల తోట కావాలనుకునేవాళ్లకు ఇది తగదు. చేపలకు జబ్బు చేస్తే రాగి మందు ఈ ట్యాంకులో వేయకూడదు, చేపల్ని వేరే తొట్టిలోకి తీయాల్సిందే.

ఎన్నాళ్లు బతుకుతుందని అడుగుతుంటారు. స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త సర్ జాన్ డాలియెల్ 1828లో స్కాట్లాండ్ తీరం నుంచి తెచ్చి గాజు జాడీలో ఉంచిన ఎనిమోన్ 1887 దాకా బతికింది. ఆయనే 1851లో పోయాడు. అది చలినీళ్ల జాతి, దీనితో పోల్చలేం. కానీ ఆ జాడీకి స్కిమ్మరూ లేదు, ఎల్‌ఈడీ లేదు.

మాది పద్నాలుగో నెలలో, ఒక పెద్ద నీటి మార్పు తర్వాత, నిలువునా రెండుగా చీలింది. సంబరపడ్డాను కానీ ఒత్తిడి వల్ల కూడా అలా చీలుతుందట. రెండూ కోలుకున్నాయి. రెండో దాన్ని ఒక స్నేహితుడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. అతని ట్యాంకుకు ఇప్పుడు నాలుగో నెల. ఇంకా ఇవ్వలేదు.