ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ వేయించాలా?

పర్లాకిమిడిలో మా చెల్లి ల్యాప్‌టాప్ ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ర్యామ్ (తెరిచిన పనులను అప్పటికి పట్టి ఉంచే మెమరీ) 4 జీబీ, ఫైళ్లు దాచేది పాత హార్డ్ డిస్క్. ఉద్యోగానికి అప్లికేషన్ నింపుతుంటే మధ్యలో బిగుసుకుపోయేది, ఆ టెన్షన్ చూడలేకపోయాం. ర్యామ్ పెంచమని మా వీధిలో ఒకరు, హార్డ్ డిస్క్ తీసి దాని బదులు చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించమని ఏరు దాటి పాతపట్నంలో ఉన్న అన్నయ్య.

డబ్బు పెట్టే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, డిస్క్, మెమరీ ఎంత శాతం వాడుకలో ఉన్నాయో అందులో కనిపిస్తుంది. ఆన్ చేసి పది నిమిషాలైనా, ఏమీ తెరవకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే అడ్డం పడుతున్నది డిస్కే. నాలుగైదు ట్యాబ్‌లు తెరిచాకే మెమరీ 90 దాటి మొరాయిస్తే ర్యామ్ చాలట్లేదు.

హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, ముల్లు సరైన చోటికి జరగాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. మామూలు సాటా రకం కూడా సెకనుకు 500 ఎంబీ దాకా చదువుతుంది, పాత డిస్క్ 100 దగ్గర ఆయాసపడుతుంది. పైగా ర్యామ్ నిండితే విండోస్ డిస్క్‌నే వాడుకుంటుంది కాబట్టి ఎస్‌ఎస్‌డీ ఉంటే ఆ ఇబ్బందీ కొంత తగ్గుతుంది.

ర్యామ్ మార్చడం తేలిక, ఫైళ్లు కదపక్కర్లేదు. కానీ ర్యామ్‌లో రకాలున్నాయి, డీడీఆర్3 చోట డీడీఆర్4 పట్టదు, కొన్ని పల్చటి మోడళ్లలో అసలు మార్చలేం.

మేం ముందు ఎస్‌ఎస్‌డీయే వేయించాం. అమ్మ ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే మూత విప్పనిచ్చాను.