ఆటోనగర్‌లో డిఫెన్స్ ఆర్డర్లు: ఫర్మా, ప్రైవేట్ లిమిటెడా?

బెజవాడ ఆటోనగర్ షెడ్డులో రక్షణ సంస్థలకు విడిభాగాలు చేసినా లాభం మీద పన్ను మామూలు రేటే. తేడా సంస్థ రూపంలో ఉంది: ఫర్మ్ (భాగస్వామ్య సంస్థ) పెట్టారా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టారా అన్నదే.

పన్ను: ఫర్మ్‌కు సెస్సుతో 31.2 శాతం, లాభం కోటి దాటితే 34.94. కంపెనీ రాయితీ రేటు ఎంచుకుంటే 25.17. అంటే 40 లక్షల లాభంపై ఫర్మ్ కట్టేది 12.48 లక్షలు, కంపెనీ 10.07.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఫర్మ్‌లో మిగిలింది భాగస్తులు పంచుకుంటే మళ్లీ పన్ను లేదు. కంపెనీలో మిగిలిన 29.93 లక్షలు డివిడెండుగా తీస్తే, 30 శాతం శ్లాబువాళ్లకు ఇంకో 9.34 లక్షలు పోతుంది.

శ్రమ: కంపెనీకి టర్నోవర్ లేకపోయినా ఆడిట్ తప్పదు. రాయితీ రేటు ఎంచుకునే ఫారం ఆదాయపన్ను రిటర్న్ గడువులోగా వేయాలి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి రాలేరు.

రిస్కు: పంపిన సరుకు లాటు రిజెక్టయినా, డెలివరీ ఆలస్యమై జరిమానా పడినా ఫర్మ్ భాగస్తుల ఇల్లూ పొలమూ పూచీ. కంపెనీలో వాటా వరకే, బ్యాంకుకు సొంత గ్యారంటీ ఇవ్వనంతవరకు (అడగని బ్యాంకు అరుదు). భయం పూచీ ఒక్కటే అయితే ఎల్‌ఎల్‌పీ (భాగస్తుల పూచీ పరిమితంగా ఉండే భాగస్వామ్య సంస్థ) ఉంది. పన్ను మాత్రం ఫర్మ్‌దే.

లాభమంతా ఇంటికి తీసుకెళ్లే అన్నదమ్ములకు ఫర్మ్ చాలు. కొత్త సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్‌లో తిరిగి పెట్టేవాళ్లకు కంపెనీయే లాభం.