గాలిమరల అనుమతి: బహిరంగ విచారణా, గ్రామసభా?

బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. గాలిమరలకు ఆ నిబంధన లేదు. ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన ప్రాజెక్టులను చెప్పే 2006 పర్యావరణ నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తే లేదు. మరి ఊరిని అడగాలంటే ఏ దారి మేలు?

ప్రజాభిప్రాయ సేకరణ కోసం పెట్టే సభే బహిరంగ విచారణ. దానికి 30 రోజుల ముందే నోటీసు ఇస్తారు. కలెక్టరో, ఆయన ప్రతినిధో కూర్చుంటారు. మొత్తం వీడియో తీస్తారు, రాసిచ్చిన అభ్యంతరాలూ తీసుకుంటారు. మన మాట గాలికి పోదు, అది పెద్ద బలమే. కానీ కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, లేదు; పది మంది వచ్చినా సభ జరిగినట్టే. పైగా అక్కడ వింటారే తప్ప సమ్మతి అడగరు.

అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకైతే ఊళ్లోని పెద్దవయసు వాళ్లలో (18 ఏళ్లు నిండినవాళ్లలో) సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. 2013లో ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, తవ్వకం ఆగింది. అయితే ఈ బలం అటవీ భూమి వరకే. పట్టా భూమిలో లేదు.

అనంతపురం వైపు కొండలనే తీసుకోండి. మర నిలబడే చోటు చిన్నదే. దాని రెక్కను మోసే పొడవాటి ట్రాలీ మలుపు తిరగాలంటే మాత్రం కొండను వెడల్పుగా కోయాలి. కోసిన మట్టి వానకు జారి కింది కుంటలో పూడుతుంది. ఏ వాలు మీద మేత ఉందో, ఏ వంక కుంటకు నీళ్లు తెస్తుందో గొర్రెలు కాసే ఆయనకు తెలిసినంత నివేదిక రాసేవాళ్లకు తెలియదు. కలెక్టరు ముందు మైకు పట్టుకోవడానికి ఆయన జంకుతాడు. రచ్చబండ దగ్గర జంకడు.

అందుకే నేను గ్రామసభ వైపే. ఆ 30 రోజుల నోటీసు, ఆ వీడియో రికార్డు దానికీ ఉండాలి.