ఎగరడం పక్కాగా ఉంది, పడటమే సగం చెప్పారు: ఎస్ఆర్‌డీ 5.1

డైస్ వేస్తూ కథ ఆడుకునే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ ఐదో ఎడిషన్ రూల్స్ పైసా ఖర్చు లేకుండా కావాలంటే ఎస్ఆర్‌డీ 5.1 అనే ఈ పీడీఎఫ్ ఉంది. 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్‌లో ఉంది కాబట్టి మూలం పేరు చెప్పి తెలుగులోకి మార్చుకున్నా ఇబ్బంది లేదు. గోల్కొండ కోటలో జరిగే కథతో గేమ్ నడిపే హైదరాబాద్ డీఎంలు (డంజన్ మాస్టర్లు) ముందుగా చూసుకోవాల్సింది ఎగరడం, పడటం గురించిన రూల్స్.

కోట ఉన్న కొండ ఎత్తు 120 మీటర్లు, అంటే దాదాపు 400 అడుగులు. పడితే పది అడుగులకో డీ6 (ఆరు ముఖాల డైస్) డ్యామేజ్, ఎంత ఎత్తయినా 20 డీ6 దాటదు. (అన్ని డైస్ లేకపోతే లూడో డబ్బాల్లోవి పోగేసుకోండి.) సగటున 70. ఎగిరించే స్పెల్ (మంత్రం) ఫ్లై అప్పుడే చేతికొచ్చిన ఐదో లెవెల్ విజార్డ్‌కి (మాంత్రికుడికి), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) 14 అయితే, మామూలుగా 32 హిట్ పాయింట్లు (ప్రాణబలం). అవన్నీ పోయాక కూడా 38 డ్యామేజ్ మిగులుతుంది. ఆ మిగిలింది అతని మొత్తం హిట్ పాయింట్లు 32 కంటే ఎక్కువ, కాబట్టి డెత్ సేవ్‌ల (బతుకుతాడో లేదో తేల్చే డైస్) దాకా వెళ్లదు, అక్కడికక్కడే చావు.

ఫ్లై గురించి మాత్రం చాలా స్పష్టంగా రాశారు. గాల్లో ఉన్న గద్దని ప్రోన్ చేస్తే (పడగొడితే) కింద పడుతుంది. ఫ్లై మీద ఉన్నవాడు పడడు, స్పెల్ మోస్తూనే ఉంటుంది. ఇది మర్చిపోయి ఆటగాళ్లని పడేయడం అన్యాయం. వాళ్లని పడేసేది కాన్సంట్రేషన్ (స్పెల్‌ని నిలబెట్టే ఏకాగ్రత) తెగడం. స్పెల్ వేసినవాడికి రెండు బాణాలు తగిలితే అది తెగకుండా రెండు సేవ్‌లు (డైస్ పరీక్షలు) వేయాలి. ఒక్కోదానికి డీసీ (తెచ్చుకోవాల్సిన అంకె) 10 లేదా ఆ డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. అతను కింద నిలబడి ఉన్నా సరే, సేవ్ పోతే పైవాడు రాలిపోతాడు. గాల్లోకి లేపే ఇంకో స్పెల్ లెవిటేట్ అయితే, తెగినా మెల్లగా దించుతుంది.

ఫెదర్ ఫాల్ ఒకటో లెవెల్ స్పెల్, 60 అడుగుల లోపు ఐదుగురిని కాపాడుతుంది. రౌండుకి (అందరి టర్న్‌లూ ఒకసారి అయ్యేలోపు) 60 అడుగులు దిగుతారు, అంటే గోల్కొండ పైనుంచి ఏడు రౌండ్లు. చిక్కంతా అది రియాక్షన్ (తన టర్న్ కాకపోయినా అప్పటికప్పుడు ఒక్కసారి చేసే పని) కావడమే: ఇంకో రియాక్షన్ స్పెల్ షీల్డ్ వేసేస్తే, మళ్లీ తన టర్న్ వచ్చేదాకా ఇది వేయలేరు. స్పృహ తప్పినా అంతే. అందుకే ఫ్లై వేసేవాడొకరు, ఫెదర్ ఫాల్ ఉన్నవాడు ఇంకొకరు ఉండి తీరాలి.

పడటానికి ఎంతసేపు పడుతుందో మాత్రం ఈ పీడీఎఫ్‌లో లేదు, ఇదే పెద్ద లోటు. 2017లో వచ్చిన గ్జానథర్స్ గైడ్ అనే అదనపు రూల్స్ పుస్తకంలో ఉంది: పడగానే 500 అడుగులు ఒకేసారి. ఆ లెక్కన గోల్కొండ పైనుంచి జారినవాడు అదే టర్న్‌లో నేలకి తగులుతాడు, పక్కవాడి టర్న్ వచ్చేదాకా ఆగడు. ఈ రూల్ వాడతారో లేదో డీఎం ఆట మొదలెట్టకముందే చెప్పాలి.