విహార పడవలో కరెంటుకు ఏది మేలు: డీజిల్ సెట్టా, పెట్రోల్ జనరేటరా, బ్యాటరీలా?

విశాఖపట్నంలో చిన్న కేబిన్ ఉన్న విహార పడవను ఉంచుకున్నవారికి కరెంటు కోసం సాధారణంగా మూడు దారులున్నాయి. పడవ అడుగున బిగించే, సముద్రపు నీటితో చల్లబడే డీజిల్ జనరేటర్ సెట్టు ఒకటి. చేత్తో మోసుకుపోగల పెట్రోల్ జనరేటర్ రెండోది. లిథియం బ్యాటరీలు, ఇన్వర్టర్, కప్పు మీద సోలార్ పలకలు మూడోది. కొనే రోజున అందరూ ధర ఎంత, ఎన్ని కిలోవాట్లు, చప్పుడు ఎంత అని అడుగుతారు. రెండో ఏడు వచ్చేసరికి ఆ ప్రశ్నలు వెనకబడి, నెలల తరబడి ఊరికే పడి ఉన్నాక మళ్లీ స్టార్టవుతుందా, ఆగిపోతే నీళ్ల మీద మన చేతులతో బాగుచేసుకోగలమా అన్న రెండే మిగులుతాయి. నేను వీటిని పోల్చేది ఆ రెండింటి ప్రకారమే.

ఊరికే పడి ఉండటం ఇక్కడ చిన్న విషయం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు సముద్రం కల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ను ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం మనకు సంబంధించినది కాకపోయినా, ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల మెకానిక్‌లు మరబోట్ల మరమ్మతుల్లో మునిగి ఉంటారు కనుక మన పని వాయిదా పడుతూనే ఉంటుంది. వెరసి డిసెంబరు నుంచి మార్చి దాకానే పడవ నిజంగా తిరిగేది. మిగతా ఎనిమిది నెలలు జనరేటర్ ఉప్పు గాలిలో, ఉక్కపోతలో కూర్చుని ఉంటుంది. నేను చూసినంతలో నడిచి అరిగిపోయిన సెట్ల కన్నా అలా కూర్చుని పాడైనవే ఎక్కువ.

పెట్రోల్ జనరేటర్ సంగతి త్వరగా తేలిపోతుంది. రెండు కేవీఏ సెట్టు ఇరవై కిలోల పైచిలుకు బరువుంటుంది, నిండు లోడ్ మీద గంటకు సుమారు లీటరు తాగుతుంది, స్కూటర్లు బాగుచేసే మెకానిక్ కూడా దాన్ని విప్పి బిగించగలడు. షికారు ముగిశాక ఇంటికి పట్టుకుపోయి పొడి గదిలో పెట్టుకోవచ్చు. మిగతా రెండింటికీ ఆ అదృష్టం లేదు. చిక్కంతా ఇంధనంలో ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో ఇథనాల్ ఇరవై శాతం దాకా ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ హద్దు మీరితే నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోల్ ఆవిరై, జిగురుగా మారి, ఇంధనం వెళ్లే సన్నని జెట్టు రంధ్రాన్ని మూసేస్తుంది. స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోయే జనరేటర్‌ను చూస్తే మొదట అనుమానించవలసింది ఈ జెట్టునే. ఇంధనం కాక్ మూసి దానంతటది ఆగిపోయే దాకా నడిపి, ట్యాంకులో మిగిలినది కారులో పోసుకుంటే ఈ బెడద తప్పుతుంది.

అయినా కేబిన్ ఉన్న పడవకు దీన్ని నేను ఒప్పుకోను. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువైనది కాబట్టి పడవ అడుగున పోగుపడి, ఏదో ఒక స్విచ్ నుంచి పుట్టే నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలి మళ్లి అది కేబిన్‌లోకి వస్తే నిద్రపోతున్నవారికి తెలిసే అవకాశమే లేదు. కప్పు లేని పడవలో, మనుషులు కూర్చునే చోటుకు దూరంగా, గాలి పోయే వైపు పెట్టి ఒకటి రెండు గంటలు నడుపుకునేవారికి మాత్రమే ఇది సరిపోతుంది.

డీజిల్ సెట్టులో మంట భయం బాగా తక్కువ. పొగ నీటితో కలిసి పడవ వెలుపలకు పోతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే సెట్టు ఏసీకి కావలసిన 50 హెర్ట్జ్ కరెంటును నిలకడగా ఇస్తుంది. దాని బలహీనత నీటి దారిలో ఉంది. ఇంజిన్ లోపల తిరిగే కూలెంట్‌ను హీట్ ఎక్స్‌చేంజర్‌లో సముద్రపు నీరు చల్లబరుస్తుంది, ఆ నీటిని లోపలికి లాగేది రబ్బరు రెక్కల ఇంపెల్లర్. నీరు అందకుండా ఒకటి రెండు నిమిషాలు తిరిగితే ఆ రెక్కలు కాలిపోతాయి. నెలల తరబడి తిరగకపోతే వంగినవి వంగినట్టే బిగుసుకుని, తిప్పిన రోజున తెగుతాయి.

రెండేళ్ల క్రితం యారాడ కొండల ఎదుట మా సెట్టు పది నిమిషాలు నడిచి ఆగిపోవడం మొదలుపెట్టింది. పడవ నడిపే మా సరంగు “డీజిల్ అందట్లేదు బాబూ” అంటే నమ్మి ఫిల్టర్ మార్చాం. మళ్లీ పదో నిమిషానికి ఆగింది. మరోసారి నడిపి ఎగ్జాస్ట్ గొట్టం వైపు వంగి చూస్తే, ధారగా పడవలసిన నీరు ఉమ్మినట్టు పడుతోంది. సెట్టు ఆపి, సముద్రపు నీరు లోపలికి వచ్చే దారిని మూసే సీకాక్ కట్టి, చెత్తను పట్టే స్ట్రైనర్ జల్లెడ విప్పితే పాలిథిన్ ముక్క దొరికింది. అది తీశాక కూడా ధార సగమే వచ్చింది. చివరకు ఇంపెల్లర్ బయటకు తీస్తే దాని ఆరు రెక్కల్లో రెండు లేవు. కొత్తది బిగించి ఊరుకుని ఉంటే సగం పనే అయ్యేది, ఎందుకంటే ఊడిన రెండు రెక్కలూ హీట్ ఎక్స్‌చేంజర్ మూతి దగ్గర అడ్డుపడి ఉన్నాయి. పోయిన రెక్కలు లెక్కకు వచ్చేదాకా వెతకాలని ఆనాడు తెలిసింది. ఆగిన తీరును గమనించి ఉంటే ఫిల్టర్ జోలికే పోయేవాళ్లం కాదు: డీజిల్ అందని ఇంజిన్ ఊగిసలాడుతూ, చుట్లు తగ్గుతూ ఆగుతుంది, వేడెక్కినందుకో, ఆయిల్ ఒత్తిడి పడిపోయినందుకో రక్షణ స్విచ్ తెంపేస్తే ఉన్నపళంగా ఆగుతుంది.

స్టార్ట్ కాని డీజిల్ సెట్టును మొండిగా తిప్పుతూ పోవడం దీనికన్నా ఖరీదైన పొరపాటు. ఇంజిన్ అందుకోనంతసేపూ నీటిని బయటకు నెట్టే పొగ ఒత్తిడి ఉండదు, పంపు మాత్రం నీరు తోడుతూనే ఉంటుంది, ఆ నీరు సైలెన్సర్ నిండి సిలిండర్లలోకి వెనక్కి పోతుంది. రెండు మూడు ప్రయత్నాలు విఫలమైతే సీకాక్ మూసి తిప్పి, ఇంజిన్ అందుకోగానే తెరవాలి. ఇక మామూలు పనులు: ఇంపెల్లర్ ఏడాదికొకసారి, తుప్పును తన మీదికి తీసుకుని హీట్ ఎక్స్‌చేంజర్‌ను కాపాడే జింక్ ముక్క సగం కరగగానే, ఆయిల్ తయారీదారు చెప్పిన గంటలకు లేదా ఏడాదికి ఏది ముందైతే అప్పుడు మార్చడం, వానాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచి, ఫిల్టర్ గిన్నెలో చేరిన నీటిని వంపేయడం. ఇంజిన్ చక్కగా నడుస్తూ వోల్టేజీ రాకపోతే ముందు బ్రేకర్, తరువాత బ్రష్‌లు, వోల్టేజీని అదుపుచేసే ఏవీఆర్ చూడాలి. చాలాకాలం తిరగని ఆల్టర్నేటర్‌లో, అంటే కరెంటు పుట్టించే భాగంలో, మిగిలి ఉండవలసిన అయస్కాంతత్వం పోవడం కూడా ఉంది. దానికి ఫీల్డ్ చుట్టకు బ్యాటరీ కరెంటు క్షణకాలం ఇవ్వాలి, అది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

బ్యాటరీల పద్ధతికి ఈ తలనొప్పులేవీ లేవు. సగం ఛార్జితో ఉంచి, లోడ్ తెంపి వెళ్తే ఊరికే పడి ఉండటాన్ని మూడింటిలోనూ ఇదే బాగా ఓర్చుకుంటుంది, మే నెలలో మూసిన కేబిన్ వేడి మాత్రం దాని ఆయుష్షు తగ్గిస్తుంది. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు కలిపితే సుమారు ఐదు యూనిట్లు. ఎనభై శాతమే వాడుకుని, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే మూడున్నర పైన చేతికొస్తుంది. ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్ అయితే ఒక పగలూ ఒక రాత్రీ సులువుగా గడుస్తాయి. టన్ను ఏసీ వేస్తే నాలుగు గంటల్లో అయిపోతుంది.

దీని జబ్బులు తీగల చివర్లలో పుడతాయి. 12 వోల్టుల మీద రెండు కిలోవాట్లు లాగాలంటే 170 ఆంపియర్ల దాకా పారాలి. ఆ దారిలో తీగ చివర బిగించే లగ్గు ఒక్కటి చిలుము పట్టినా అక్కడ వేడెక్కి, వోల్టేజీ పడిపోయి, బ్యాటరీ నిండుగా ఉండగానే ఇన్వర్టర్ ఖాళీ అని కూస్తుంది. లోడ్ ఉండగా బ్యాటరీ కొనల దగ్గర ఒకసారి, ఇన్వర్టర్ కొనల దగ్గర ఒకసారి మీటర్ పెట్టి చూస్తే అర వోల్టు తేడా వచ్చిందంటే దోషం మధ్యలో ఉన్నట్టే. తగరం పూత ఉన్న రాగి తీగ వాడితే చిలుము నెమ్మదిస్తుంది. బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ తెంపేసి మళ్లీ కలవకపోతే మాత్రం సముద్రం మీద మనం చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఇంజిన్ స్టార్ట్ చేయడానికీ, వీహెచ్ఎఫ్ రేడియోకూ వేరే బ్యాటరీ తప్పనిసరి.

రుషికొండ నుంచి భీమిలి దాకా పగటిపూట తిరిగి వచ్చేవారికి నా ఓటు బ్యాటరీలకే, అందులో తటపటాయింపు లేదు. రాత్రి ఏసీతో పడుకోవాలంటే డీజిల్ సెట్టు తప్పదు, అయితే రెండు వారాలకొకసారి పడవకు వెళ్లి దాన్ని నడిపే ఓపిక ఉంటేనే. రెండూ పెట్టుకుంటే హాయి అంటారు గాని, బ్యాటరీలు వచ్చాక డీజిల్ సెట్టు ఇంకా తక్కువగా తిరిగి ఇంకా త్వరగా పాడవుతుంది.

మాది రాత్రి ప్రయాణాల పడవ కనుక డీజిల్‌నే ఉంచుకున్నాం. ఒట్టినే నడిపితే, లేదా నాలుగు కిలోవాట్ల సెట్టు మీద రెండు ఫ్యాన్లే వేస్తే, ఇంజిన్ సరిగా వేడెక్కక డీజిల్ పూర్తిగా మండదు. ఎగ్జాస్ట్‌లో జిడ్డు మసి పేరుకుంటుంది. అందుకని ఆదివారం విడిచి ఆదివారం అరగంట సేపు ఏసీ వేసి, దానితో పాటు ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో ఒకటిన్నర కిలోవాట్ల ఇమ్మర్షన్ రాడ్డు పెడతాం. చివరి అయిదు నిమిషాలు లోడ్ తీసేసి ఇంజిన్‌ను చల్లారనిచ్చి ఆపుతాం. బకెట్‌లో కాగిన నీళ్లతో మా సరంగు డెక్ కడుగుతాడు.