ఎం-చాట్-ఆర్/ఎఫ్ రివ్యూ: ఫాలో-అప్ లేకపోతే సగం పనే

చిన్న పిల్లల్లో ఆటిజం సూచనలను పసిగట్టేందుకు ఉచితంగా దొరికే ఫారాల్లో మేం ముందు చెప్పేది ఎం-చాట్-ఆర్/ఎఫ్ గురించే. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం 20 ప్రశ్నలు, తల్లిదండ్రులు ఇచ్చే అవును-కాదు జవాబులు, కొద్ది నిమిషాల పని. డయానా రాబిన్స్, డెబొరా ఫైన్, మరియాన్ బార్టన్ తయారుచేశారు. బాధేమిటంటే, చాలాచోట్ల 20 ప్రశ్నలతోనే ఆపేస్తున్నారు. పేరు చివర ‘ఎఫ్’ అంటే ఫాలో-అప్ ఇంటర్వ్యూ, అంటే పాయింటు పడిన ప్రశ్నల గురించి తల్లిదండ్రులను మళ్లీ వివరంగా అడగడం. దీని ప్రాణమంతా అందులోనే ఉంది.

2, 5, 12 ప్రశ్నలకు ‘అవును’ అంటే ఒక పాయింటు, మిగతా వాటికి ‘కాదు’ అంటే ఒక పాయింటు. ఈ తిరకాసు మరిచి కూడితే లెక్కంతా తప్పుతుంది. మొత్తం 0–2 అయితే ప్రస్తుతానికి ఫర్వాలేదు. బిడ్డకు రెండేళ్లు నిండకపోతే నిండాక మళ్లీ చేయాలి. 3–7 వస్తే పాయింటు పడిన ప్రశ్నల మీద ఫాలో-అప్ చేయాలి. ఆ తర్వాతా రెండు లేదా ఎక్కువ పాయింట్లు మిగిలితే పాజిటివ్ అన్నట్టు; నిపుణుల దగ్గర పూర్తి పరీక్షకు పంపాలి. 8, ఆపైన వస్తే ఫాలో-అప్ కోసం ఆగక్కర్లేదు, నేరుగా పూర్తి పరీక్షకు పంపొచ్చు.

తల్లిదండ్రులు తడబడేది 6, 7 ప్రశ్నల దగ్గర. అందని బిస్కెట్ డబ్బా కావాలని వేలు చూపడం ఆరోది. ఆకాశంలో విమానాన్ని ‘నువ్వూ చూడు’ అన్నట్టు చూపడం ఏడోది. మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లడం వేలు చూపడం కిందికి రాదు. పేరు పిలిస్తే పలుకుతాడా అన్న ప్రశ్న కోసం పిలిచి చూసేటప్పుడు టీవీ, ఫోన్ కట్టేసి, ఇంట్లో రోజూ పిలిచే ముద్దుపేరుతోనే పిలవండి. మాట అర్థమవుతోందా అన్న 18వ ప్రశ్నకు సైగ చేయకుండా అడగాలి; టవల్ చేత్తో పట్టుకుని ‘స్నానానికి పద’ అంటే బిడ్డ మాట విన్నాడో టవల్ చూశాడో తేలదు. ఎప్పుడో ఒకటి రెండుసార్లు చేసి, మామూలుగా చేయనిదానికి ‘కాదు’ అనే రాయాలి. ప్రేమకొద్దీ ‘చేస్తాడులే’ అని రాస్తే నష్టపోయేది బిడ్డే.

2014లో అమెరికాలో 16,071 మంది పిల్లలపై వచ్చిన అధ్యయనంలో, ఫాలో-అప్ తర్వాతా పాజిటివ్‌గా నిలిచి పూర్తి పరీక్ష చేయించుకున్నవాళ్లలో 47.5 శాతం మందికి ఆటిజం తేలింది; ఆటిజం తేలినవాళ్లతో కలిపి వాళ్లలోనే 94.6 శాతం మందిలో ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక ఆలస్యమో సందేహమో కనిపించింది. అంటే పాజిటివ్ రాగానే ఆటిజం అని ముద్ర వేయకూడదు, ‘చూద్దాంలే’ అని కూర్చోనూ కూడదు. అలాగే స్కోరు తక్కువొచ్చినా, వచ్చిన మాటలు పోతుంటే వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

పాజిటివ్ వస్తే ముందు వినికిడి పరీక్ష చేయించండి. ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో (డీఈఐసీ) గానీ, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో గానీ చూపించొచ్చు. నిర్ధారణ కాగితం చేతికొచ్చేదాకా థెరపీ మొదలుపెట్టకుండా ఆగొద్దు. వెళ్లేటప్పుడు నింపిన ఫారం, ఫాలో-అప్ జవాబులు, బిడ్డ ఇంట్లో ఆడుకుంటున్న రెండు నిమిషాల వీడియో పట్టుకెళ్లండి. కొత్తచోట బిడ్డ ఏడుస్తూ ఉండిపోతే డాక్టర్‌కు ఆ వీడియోయే అక్కరకొస్తుంది.